జంట ఫోటాన్ల లెక్కకు విడి చిప్పులా, ఎఫ్‌పీజీఏ బోర్డా?

హనుమకొండ, కాజీపేటల్లో ఎమ్మెస్సీ ప్రాజెక్టు మొదలుపెట్టే ప్రతి బృందమూ నన్ను ఇదే అడుగుతోంది: ఒకేసారి పుట్టిన జంట ఫోటాన్లను (కాంతి కణాలను) రెండు డిటెక్టర్లతో పట్టి లెక్కించే సర్క్యూట్‌ను విడి చిప్పులతో కట్టాలా, ఎఫ్‌పీజీఏతోనా (లోపలి సర్క్యూట్‌ను కోడు రాసి మార్చుకోగల చిప్పు)? డిటెక్టర్ల ధర తగ్గించడం మన చేతిలో లేదు. పొదుపు చేయగలిగింది వాటి వెనకాల ఉండే సర్క్యూట్‌లోనే.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం విండో వెడల్పు, అంటే రెండు డిటెక్టర్ల పల్సులు (ఒక్కో ఫోటాన్‌కు అవి ఇచ్చే విద్యుత్ సంకేతాలు) ఎంత వ్యవధిలో వస్తే జంటగా లెక్కవేస్తామో అది. సంబంధం లేని రెండు ఫోటాన్లు కాకతాళీయంగా ఆ వ్యవధిలో పడినా జంటగానే నమోదవుతాయి. రెండు డిటెక్టర్ల రేట్లను విండోతో గుణిస్తే ఈ దొంగ జంటల లెక్క వస్తుంది. ఒక్కోదానికి సెకనుకు లక్ష పల్సులనుకోండి. 30 నానోసెకన్ల పల్సులను నేరుగా యాండ్ గేటుకు (రెండు పల్సులూ ఒకేసారి ఉంటేనే స్పందించే సర్క్యూట్) ఇస్తే, ఏది ముందొచ్చినా కలుస్తాయి కాబట్టి విండో దాదాపు 60 నానోసెకన్లు, దొంగ జంటలు సెకనుకు 600. పల్సును ముందే 5 నానోసెకన్లకు కుదిస్తే విండో 10 నానోసెకన్లై, అవి 100కు దిగుతాయి. 1986లో గ్రాంజియర్, రోజర్, ఆస్పే చేసిన తరహా ప్రయోగానికి, అంటే ఫోటాన్ రెండుగా చీలదని చూపడానికి, ఈ తేడా ప్రాణం.

విడి చిప్పులంటే 74 శ్రేణి లాజిక్ చిప్పులు; అవి చవక, కోఠికి వెళ్తే దొరుకుతాయి. ప్రతి కాలు మీదా ఆసిలోస్కోపు పెట్టి చూడవచ్చు. నేర్చుకోవడానికి అంతకన్నా మంచి దారి లేదు. కానీ బ్రెడ్‌బోర్డు మీద ఇంత సన్నని పల్సు ఊగిపోతుంది, పీసీబీ (ముద్రిత సర్క్యూట్ బోర్డు) తప్పదు. మూడో డిటెక్టర్ చేరిందంటే మళ్లీ కొత్త పీసీబీ.

అందుకే నా మొగ్గు ఎఫ్‌పీజీఏ వైపే. మూడో డిటెక్టరంటే అక్కడ కోడులో నాలుగు వరుసలు. అయితే బోర్డు మీది 50 మెగాహెర్ట్జ్ క్లాకుతో పల్సులను పోల్చకండి. దాని ఒక్కో అంగ 20 నానోసెకన్లు, సన్నని పల్సు మధ్యలో జారిపోతుంది. బదులుగా పల్సును, ఆలస్యం చేసి తిరగేసిన దాని నకలును యాండ్ చేస్తే సన్నని పల్సు వస్తుంది. ఆలస్యం కోసం పెట్టిన బఫర్లను (పల్సును మార్చకుండా దాటించే గేట్లను) కంపైలర్ (కోడును సర్క్యూట్‌గా మార్చే ప్రోగ్రాం) అనవసరమని తీసేస్తుంది, ఉంచమని విడిగా చెప్పాలి. 5 వోల్టుల పల్సును 3.3 వోల్టుల పిన్నుకు నేరుగా ఇవ్వకండి.

రెడీమేడ్ టైమ్ ట్యాగర్లు (ప్రతి పల్సు వచ్చిన సమయాన్ని నమోదు చేసే పరికరాలు) లక్షల్లో ఉంటాయి. నిధులుంటే కొనండి.

ఏది కట్టినా కేబుళ్ల పొడవు సరిచూడండి. మీటరు తేడాకు దాదాపు 5 నానోసెకన్లు. తర్వాత రెండు డిటెక్టర్లకు రెండు వేర్వేరు మసక దీపాలు చూపి జంటలు లెక్కించండి. వచ్చిన రేటును రెండు రేట్ల లబ్ధంతో భాగిస్తే మీ అసలు విండో తేలుతుంది. ఆ అంకెను పెట్టె మీద రాసిపెట్టాకే జంట ఫోటాన్లను పుట్టించే క్రిస్టల్ జోలికి వెళ్లండి.