గండికోట లోయ అంచు నడక బాగుంది, అద్దె టెంట్లే అంతంత మాత్రం

కడప జిల్లా జమ్మలమడుగు నుంచి గండికోటకు సుమారు 15 కి.మీ. కోట వాకిలి దాటి లోపలి చార్మినార్ (హైదరాబాద్‌ది కాదు, ఇక్కడి కట్టడం పేరూ అదే), జామియా మసీదు, ధాన్యాగారం చూసుకుంటూ పెన్నా లోయ అంచుకు చేరడం సులువే. అసలు పని ఆఖర్లో, బండల మీద. పలకలుగా పగిలిన ఎర్రరాళ్లు మెట్లలా కనిపిస్తాయి గానీ, వాటి మీద సన్నటి ఇసుక పేరుకుని ఉంటుంది. చెప్పులు జారేది అక్కడే. అడుగున లోతైన గాట్లున్న బూట్లు వేసుకోండి, సెల్ఫీ కోసం వెనక్కి అడుగు వేయకండి. నీడ తక్కువ, మనిషికి 2 లీటర్ల నీళ్లయినా ఉండాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మేలు. ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం వద్దే వద్దు, సీమ ఎండ సంగతి తెలిసిందే కదా!

టెంట్లకు సగం మార్కులే. రాతినేలలో మేకు సరిగా దిగదు, రాత్రి గాలి లేచిందంటే టెంటు ఒక పక్కకు ఒరుగుతుంది. నాలుగు మూలల తాళ్లూ బరువైన రాళ్లకు కట్టించి, జిప్పు రెండుసార్లు లాగి చూశాకే డబ్బులివ్వండి. పరుపు పేరుతో ఇచ్చే పల్చటి చాప మీద పడుకుంటే కింది గులకరాళ్లన్నీ వీపుకు తగులుతాయి. మందపాటి దుప్పటి మీరే తెచ్చుకోండి. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే పర్యాటక శాఖ హరిత హోటల్లో గది ముందే బుక్ చేసుకోవడం నయం.