సింప్లెక్సా, స్ప్లిట్టా, లిస్టా? డీఎక్స్ పైలప్‌లో ఏది మేలు?

మనుషులు ఉండని దీవి నుంచో, అమెచ్యూర్ రేడియోకి అనుమతే దొరకని దేశం నుంచో ఒక స్టేషన్ ఆన్ ఎయిర్‌కి వచ్చిందంటే చాలు, నిమిషాల్లో ప్రపంచంలోని హామ్‌లంతా, అంటే అమెచ్యూర్ రేడియో ఆపరేటర్లంతా, ఆ ఫ్రీక్వెన్సీ మీద వాలిపోతారు. హామ్‌లు లెక్కకు తీసుకునే డీఎక్స్‌సీసీ జాబితాలో ఇప్పుడు 340 ఎంటిటీలు (దేశాలు, విడిగా లెక్కించే దీవుల వంటి ప్రాంతాలు) ఉన్నాయి. వాటిలో కొన్ని పదేళ్లకోసారి కూడా వినబడవు. అలాంటిది వినబడిన రోజున వందల మంది ఒకేసారి పిలుస్తారు. ఆ గుంపునే పైలప్ అంటాం. దాన్ని ఏ పద్ధతిలో నడపాలో తేల్చుకోవాల్సింది డీఎక్స్ ఆపరేటరే, అంటే ఆ అరుదైన దూరపు స్టేషన్‌ని నడిపేవాడే. కానీ ఆ పద్ధతి పనిచేస్తుందా, చెడిపోతుందా అన్నది పిలిచేవాళ్ల చేతిలో ఉంది. నా ఓటు స్ప్లిట్‌కి, అంటే ఒక ఫ్రీక్వెన్సీలో మాట్లాడి ఇంకో ఫ్రీక్వెన్సీలో వినే పద్ధతికి. అయితే అన్ని చోట్లా కాదు.

ముందు సింప్లెక్స్ సంగతి. ఇద్దరూ ఒకే ఫ్రీక్వెన్సీలో మాట్లాడుకోవడం, మనం రోజూ చేసేదే. సాయంత్రం పూట 20 మీటర్ల బ్యాండ్‌లో హైదరాబాద్ నుంచి సీక్యూ (ఎవరైనా పలకండి అనే పిలుపు) పిలిస్తే ఇటలీ నుంచి ఒకరు, రష్యా నుంచి ఇద్దరు, జర్మనీ నుంచి ఒకరు పలుకుతారు. నలుగురైదుగురే కాబట్టి చెవికి విడివిడిగా అందుతారు. ఒకరి తర్వాత ఒకరిని పలకరించి, పేరు, ఊరు, వాతావరణం కూడా మాట్లాడుకోవచ్చు. ఇక్కడ స్ప్లిట్ పెట్టడం అనవసరం. ఒక సంభాషణకి సరిపడే చోట రెండు సంభాషణల జాగా తినేయడం మర్యాద కూడా కాదు. పిలిచేవాళ్లను చెవి విడదీయగలిగినంత వరకు సింప్లెక్సే మేలు, అందులో నాకు రెండో మాట లేదు.

చిక్కు వచ్చేది గుంపు పెరిగాక. డీఎక్స్ ఆపరేటర్ ఒకరిని ఎంచుకుని అతని కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే స్టేషన్ గుర్తు) చెప్పి "ఫైవ్ నైన్" అంటాడు, అంటే సిగ్నల్ బాగా వినబడుతోందన్న రిపోర్టు. ఆ జవాబు అందరికీ వినబడదు. వినబడనివాళ్లు ఇంకా పిలుస్తూనే ఉంటారు. వాళ్ల కేకల కింద ఆ జవాబు నలిగిపోతుంది. ఎంపికైనవాడికి తన కాల్‌సైన్ వినబడదు కాబట్టి అతనూ మళ్లీ పిలుస్తాడు. పది సెకన్ల పని నిమిషం దాటుతుంది. దీనికి తోడు స్కిప్. 20 మీటర్లలో హైదరాబాద్‌లో ఉన్నవాడికి బెంగళూరువాడు తరచూ వినబడడు. సిగ్నల్ ఇద్దరి నెత్తి మీదుగా దాటిపోయి దూరాన దిగుతుంది. ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉందనుకుని ఇద్దరూ పిలుస్తారు. వేల కిలోమీటర్ల అవతల డీఎక్స్ దగ్గర ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడతారు. ఇందులో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. ఆ పరిస్థితిలో సింప్లెక్స్ ఇంతే.

స్ప్లిట్ ఈ ముడిని విప్పుతుంది. డీఎక్స్ స్టేషన్ 14.195 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడుతుంది, వినడం మాత్రం పైన, మాటవరసకి 14.200 నుంచి 14.205 దాకా. "ఫైవ్ అప్", "ఫైవ్ టు టెన్ అప్" అనేది అందుకే. మోర్స్‌లో అయితే ఒకటి రెండు కిలోహెర్ట్జ్ పైన చాలు. డీఎక్స్ మాట్లాడే చోట ఇంకెవరూ మాట్లాడరు కాబట్టి ఎవరిని పిలిచాడో, ఏ రిపోర్టు ఇచ్చాడో లోకమంతా వినవచ్చు. తనని పిలవలేదని తెలిసినవాడు ఊరుకుంటాడు. స్ప్లిట్ అసలు బలం ఇదే. అరిచే చోటునీ వినే చోటునీ వేరు చేసింది.

కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్లకు ఇది రిగ్ (రేడియో సెట్) మీద కాస్త తికమకగా ఉంటుంది, అందుకే వివరంగా చెబుతాను. రిగ్‌లో ఫ్రీక్వెన్సీ పెట్టుకునే వీఎఫ్‌ఓలు ఏ, బీ అని రెండు ఉంటాయి. వీఎఫ్‌ఓ ఏ మీద డీఎక్స్‌ని పెట్టుకోండి. బీని దానికి సమానం చేసి ఐదు కిలోహెర్ట్జ్ పైకి జరపండి. స్ప్లిట్ నొక్కండి. డిస్‌ప్లేలో స్ప్లిట్ గుర్తు కనబడిందా, ట్రాన్స్‌మిట్ బీ మీద ఉందా అని చూసుకున్నాకే మైక్ పట్టుకోండి. చాలా రిగ్‌లలో నొక్కి పట్టుకుంటే మన ట్రాన్స్‌మిట్ ఫ్రీక్వెన్సీని వినిపించే బటన్ ఒకటి ఉంటుంది. ఐసీ-7300లో అది ఎక్స్‌ఎఫ్‌సీ. డీఎక్స్ ఎవరికో "ఫైవ్ నైన్" చెప్పగానే ఆ బటన్ నొక్కి పట్టుకుని నాబ్ తిప్పండి. ఆ అవతలి మనిషి తిరిగి రిపోర్టు ఇస్తూ దొరుకుతాడు. 14.202 అనుకోండి. తర్వాతివాడు 14.203లో, ఆ తర్వాతివాడు 14.204లో దొరికితే ఆపరేటర్ పైకి జరుగుతూ వస్తున్నాడని అర్థం. మీరు 14.205లో కాచుకుని కూర్చోండి. కొందరు ఆపరేటర్లు ఒకే చోట నాలుగైదు కాంటాక్టులు చేసి జరుగుతారు, కొందరు పైకి పోయి మళ్లీ కిందికి దిగుతారు. కాసేపు మైక్ ముట్టుకోకుండా వింటే ఆ అలవాటు పట్టుబడుతుంది. మన దేశంలో చాలామందికి ఉన్నది వంద వాట్లు, డాబా మీద ఒక డైపోల్, అంటే మామూలు వైరు యాంటెన్నా. పసిఫిక్‌లో ఉన్న స్టేషన్‌ని పిలిచేటప్పుడు జపాన్ నుంచి వచ్చే సిగ్నళ్ల గోడని ఆ వంద వాట్లు బద్దలుకొట్టలేవు. ఆ గోడలో సందు ఎక్కడుందో చెవి కనిపెట్టగలదు. ఆ సందు స్ప్లిట్‌లోనే దొరుకుతుంది.

స్ప్లిట్‌కీ జబ్బులు ఉన్నాయి. బటన్ నొక్కడం మర్చిపోయినవాడు డీఎక్స్ ఫ్రీక్వెన్సీ మీదే పిలుస్తాడు. అది మూడు సెకన్ల అవరోధం, పోతుంది. కానీ వెంటనే పది మంది "అప్! అప్!" అని వాడి మీద పడతారు. వాళ్లను తిట్టేవాళ్లు ఇంకో నలుగురు వస్తారు. తప్పు చేసినవాడి కంటే ఈ స్వయంప్రకటిత పోలీసులే ఎక్కువ నష్టం చేస్తారని నా గట్టి అభిప్రాయం. మూడు సెకన్లలో పోయేదాన్ని వాళ్లు మూడు నిమిషాలు చేస్తారు, ఆలోగా డీఎక్స్ ఇచ్చిన జవాబులన్నీ గంగలో కలుస్తాయి. ఇంకొందరు సరిగ్గా ఆ ఫ్రీక్వెన్సీ మీదే యాంటెన్నా ట్యూన్ చేస్తారు. ఐదారు కిలోహెర్ట్జ్ పక్కకు జరిగి ట్యూన్ చేసుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

డీఎక్స్ ఆపరేటర్‌కీ బాధ్యత ఉంది. ప్రతి రెండు మూడు కాంటాక్టులకి ఒకసారైనా తన కాల్‌సైన్, "అప్" అన్న మాట చెప్పాలి. చెప్పకపోతే కొత్తగా వచ్చినవాళ్లు అక్కడే నిలబడి "ఎవరది?" అని అడగడం మొదలుపెడతారు, వాళ్లను తప్పుపట్టలేం. వినే జాగా కూడా అదుపులో ఉండాలి. పది కిలోహెర్ట్జ్ చాలనిచోట ముప్పై తీసుకుంటే అందులో కబుర్లు చెప్పుకుంటున్న వేరేవాళ్ల రోజు పాడవుతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది మాట మీద నిలబడటం. "కిలో మైక్ ఓన్లీ" (కాల్‌సైన్‌లో కె, ఎం ఉన్నవాడు మాత్రమే) అన్నాక ఆ రెండు అక్షరాలు లేనివాడు ఎంత గట్టిగా అరిచినా వాడికి జవాబు ఇవ్వకూడదు. ఒక్కసారి లొంగితే అరిస్తే పని అవుతుందని గుంపు మొత్తానికి తెలిసిపోతుంది. ఆ తర్వాత ఆ పైలప్‌ని దారిలో పెట్టడం ఎవరి వల్లా కాదు. 2007 జనవరిలో లక్షద్వీప్ నుంచి వీయూ7ఆర్‌జీ పనిచేసినప్పుడు మన దేశమే ప్రపంచానికి డీఎక్స్ అయింది. కాబట్టి మైక్‌కి అటువైపు నియమాలు మనకెందుకు అనుకోవడానికి లేదు.

పిలిచేటప్పుడు పూర్తి కాల్‌సైనా, చివరి రెండు అక్షరాలా అన్న వాదం ఇంకా వినబడుతోంది. పూర్తి కాల్‌సైనే. రెండు అక్షరాలు చెబితే, మిగతావి రాబట్టడానికి డీఎక్స్ ఇంకోసారి అడగాలి, మీరు ఇంకోసారి చెప్పాలి. ఒక కాంటాక్ట్ పట్టే సమయంలో సగం అదనంగా ఖర్చు. ఒక్కసారి, స్పష్టంగా, పూర్తిగా చెప్పి ఆగి వినండి. నాలుగుసార్లు వరసగా చెప్పేవాడికి తనని పిలిచిన సంగతి కూడా తెలియదు.

స్ప్లిట్ కూడా చేయిదాటినప్పుడు కొందరు నంబర్ల పద్ధతి పెడతారు. కాల్‌సైన్‌లో ఒకటి ఉన్నవాళ్లు, తర్వాత రెండు, అలా తొమ్మిది, సున్నా దాకా. వినడానికి న్యాయంగా ఉంటుంది. మన వైపు నుంచి లెక్క వేసి చూడండి. ఇండియాలో దాదాపు అన్ని కాల్‌సైన్లు వీయూ2 లేదా వీయూ3. ఒక్కో నంబర్‌కి పది నిమిషాలు ఇస్తే ఒక చుట్టు తిరగడానికి గంటా నలభై నిమిషాలు. మనకి ఆ దిక్కున బ్యాండ్ తెరుచుకునేదే కొన్నిసార్లు అరగంట. మన రెండూ మూడూ దాటిపోయాక అది తెరుచుకుంటే, మళ్లీ అవి వచ్చేసరికి సిగ్నల్ ఉండదు. అందుకే నంబర్ల కంటే ప్రాంతాల వారీగా పిలవడం చాలా మేలు. "ఆసియా ఓన్లీ" అంటే ఆ సమయంలో ఏ దిక్కుకి దారి ఉందో ఆపరేటర్ చూసుకుని పిలుస్తున్నాడని అర్థం. అప్పుడు యూరప్‌వాళ్లు మౌనంగా ఉండాలి, "యూరప్ ఓన్లీ" అన్నప్పుడు మనం ఉండాలి.

ఇక లిస్ట్. ఒక నెట్ కంట్రోల్ స్టేషన్ ముందే పేర్లు రాసుకుని, డీఎక్స్ దగ్గరికి ఒక్కొక్కరినీ వరసలో పంపుతుంది. రేషన్ షాపు క్యూలా అంతా పద్ధతిగా కనబడుతుంది. తక్కువ పవర్ ఉన్నవాళ్లకు, గుంపులో గొంతు పెగలనివాళ్లకు ఇది హాయిగా ఉంటుందని ఒప్పుకుంటాను. అయినా మామూలు డీఎక్స్‌లో నాకు ఇది నచ్చదు. కాంటాక్ట్ అంటే అవతలివాడు నన్ను విని, నేను అతన్ని విని, రిపోర్టులు మార్చుకోవడం. లిస్ట్‌లో కంట్రోల్ స్టేషన్ నా కాల్‌సైన్ ముందే చెప్పేస్తుంది. రిపోర్టు సరిగా అందకపోతే "ఫైవ్ ఫైవ్ అన్నాడు" అని అందిస్తుంది కూడా. అప్పుడు నా లాగ్‌లో, అంటే కాంటాక్టులు రాసుకునే పుస్తకంలో, పడింది ఎవరి కాంటాక్ట్? అవతల ఉన్న ఆపరేటర్‌కి పైలప్ అలవాటు లేక భయపడుతున్నప్పుడు మాత్రం లిస్ట్ సబబే.

కానీ లిస్ట్, నెట్ కంట్రోల్ మిగతా అన్నిటినీ మించిపోయే సందర్భం ఒకటి ఉంది. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్, వీయూ2ఆర్‌బీఐ, తన బృందంతో పోర్ట్‌బ్లెయిర్ నుంచి వీయూ4ఆర్‌బీఐ కాల్‌సైన్‌తో పనిచేస్తున్నారు. అండమాన్ అంతకుముందు ఏళ్ల తరబడి హామ్ బ్యాండ్లలో వినబడని చోటు. పైలప్‌లు ఎంత పెద్దవో ఊహించుకోవచ్చు. డిసెంబరు 26న భూకంపం, సునామీ వచ్చాయి. డీఎక్స్ అక్కడితో ఆపేసి, అదే రేడియోతో ప్రధాన భూభాగానికి సమాచారం చేరవేయడం, కనబడకుండా పోయినవాళ్ల ఆచూకీ అందించడం మొదలుపెట్టారు. అలాంటి చోట ఎవరు ముందు పిలిచారన్న ప్రశ్న ఉండదు. ఒక ఫ్రీక్వెన్సీ, ఒక కంట్రోల్, ఆయన పిలిస్తేనే మాట. చెప్పడానికి అవసరమైన సమాచారం లేనివాడు మైక్ ముట్టుకోడు, "నేనూ వింటున్నాను" అని చెప్పడానికి కూడా. తుపానులకు ఏటా సిద్ధంగా ఉండాల్సిన కోస్తా జిల్లాల హామ్‌లు అన్నిటికంటే ముందు అలవాటు చేసుకోవాల్సింది ఈ మౌనమే. పైలప్‌లో తన వంతు కాకపోతే ఊరుకోవడం వచ్చినవాడికి ఇక్కడ ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు.

చివరిగా ఎఫ్‌టీ8. జో టేలర్, స్టీవ్ ఫ్రాంక్ కలిసి 2017లో తెచ్చిన ఈ మోడ్‌లో 15 సెకన్ల వంతులు, మాటల్లేవు, కంప్యూటర్లే చిన్న సందేశాలు మార్చుకుంటాయి. టేలర్ 1993లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఖగోళ శాస్త్రవేత్త. బలహీనమైన సిగ్నల్‌ని రొదలోంచి ఏరడం ఆయనకి ముందు నుంచీ ఉన్న పని. 2018లో డీఎక్స్‌పెడిషన్ల (అరుదైన చోట్లకు వెళ్లి రేడియో నడిపే యాత్రల) కోసం ఫాక్స్-హౌండ్ పద్ధతి వచ్చింది. డీఎక్స్ ఫాక్స్, మనం హౌండ్‌లు. హౌండ్‌లు ఆడియోలో 1000 హెర్ట్జ్ పైన పిలుస్తారు, ఫాక్స్ కింది భాగంలో ఒకేసారి ఐదుగురికి దాకా జవాబిస్తుంది. ఫాక్స్ పిలిచిన హౌండ్‌ని సాఫ్ట్‌వేరే కిందికి దింపుతుంది. చూస్తే ఇది కంప్యూటర్ నడిపే స్ప్లిట్. ఐదు సిగ్నళ్లు పంపితే ఒక్కోదానికి దక్కే పవర్ ఇరవై ఐదో వంతుకి పడిపోతుంది, అదొక లోటు. 2024లో వచ్చిన సూపర్‌ఫాక్స్ ఆ లోటు తీర్చింది, ఒకే సిగ్నల్‌తో తొమ్మిది మందికి జవాబిస్తుంది.

డాబా మీద వైరు తప్ప ఏమీ లేనివాడికి కొత్త ఎంటిటీ దొరకాలంటే ఇదే సులువైన దారి, అందులో సందేహం లేదు. మాటకి అందని సిగ్నల్ దీనికి అందుతుంది. ఆ కాంటాక్ట్ పూర్తిగా న్యాయమైనదే. అయితే చెవికి పని ఉండదు కాబట్టి, కొత్తవాళ్లు వాయిస్ స్ప్లిట్‌లోనో మోర్స్‌లోనో కాస్త నలిగాకే ఇటు రావాలని నేను పట్టుపడతాను. క్రమశిక్షణ ఇక్కడా తప్పదు. ఫాక్స్-హౌండ్‌ని 14.074 లాంటి మామూలు ఎఫ్‌టీ8 ఫ్రీక్వెన్సీల్లో నడపకూడదు. ఫాక్స్ మీ స్క్రీన్ మీద డీకోడ్ కాకుండా పిలవకూడదు. మనకి వినబడని స్టేషన్‌ని పిలిచి లాభం లేదు, పైగా వినబడేవాళ్లకి అడ్డం. ఆర్‌ఆర్73, అంటే రిపోర్టు అందింది, కాంటాక్ట్ పూర్తయింది అన్న సందేశం, వచ్చాకే లాగ్‌లో రాసుకోవాలి. రిపోర్టు వచ్చి అది రాకపోతే సాఫ్ట్‌వేర్ మళ్లీ పంపుతూనే ఉంటుంది, దాన్ని ఆపకండి. అనుమానం మిగిలితే, ఆ బృందం తన లాగ్‌ని క్లబ్‌లాగ్ వెబ్‌సైట్‌లో పెట్టేదాకా ఆగండి. మీ కాల్‌సైన్ కనబడితే మళ్లీ పిలవొద్దు. అదే బ్యాండ్‌లో అదే మోడ్‌లో భద్రత కోసం రెండోసారి చేసే కాంటాక్ట్ ఇంకొకరి మొదటి కాంటాక్ట్‌ని తినేస్తుంది. కనబడకపోతే మర్నాడు అదే వేళకి రిగ్ ఆన్ చేసి, ముందు కాసేపు విని, అప్పుడు పిలవండి.