మిలన్ నుంచి ఒక్క రోజు, ఇద్దరు, ఒక బోటు: కోమోనా, గార్డానా, మజ్జోరేనా?

ఇటలీ టూరు వేసుకునే జంటలు చాలామంది రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్‌లకి రోజులు పంచేసి, చివర్లో మిలన్‌లో ఒక రోజు మిగుల్చుకుంటారు. "ఆ రోజు లేక్‌కి పోదాం, బోటెక్కుదాం" అనేదాకా ఇద్దరిదీ ఒకే మాట. ఏ లేక్ అన్న దగ్గరే పేచీ. మ్యాప్ తెరిస్తే మిలన్‌కి పైన మూడు పెద్ద సరస్సులు కనిపిస్తాయి: ఎడమ పక్క మజ్జోరే, మధ్యలో కోమో, కుడి పక్క గార్డా. మూడింటికీ రైలుంది, మూడింటికీ గంటకు అటూ ఇటూ ప్రయాణమే. పెద్ద బోట్లు నడిపేది కూడా మూడింట్లోనూ ఒకటే ప్రభుత్వ సంస్థ. ఫొటోలు చూసి తేల్చుకుందామంటే అన్నీ ఒకేలా ఉంటాయి. నీలం నీళ్లు, వెనకాల కొండ, ముందు పసుపు గోడల ఇళ్లు.

అందం సంగతి పక్కన పెట్టి నేను ముందు అడిగే ప్రశ్న వేరు. ఒక రేవు నుంచి ఇంకో రేవుకి బోటు ఎంతసేపు పడుతుంది? ఒక్క రోజే చేతిలో ఉన్నవాళ్లకే ఇది ముఖ్యం, రెండు మూడు రాత్రులు ఉండేవాళ్లకి కాదు. ఒక్క రోజులో రైలుకే రెండు మూడు గంటలు పోతాయి. మిగిలిన దాంట్లో బోటులో కూర్చునేది ఎంత, దిగి తిరిగేది ఎంత అన్నదే లెక్క. ఈ లెక్క వేస్తే జవాబు చాలా తొందరగా తేలిపోతుంది.

ముందు గార్డా సంగతి. ఇటలీలో అన్నిటికన్నా పెద్దది. సుమారు 370 చదరపు కిలోమీటర్లు, పొడవు 52 కిలోమీటర్లు. "వెళ్తే పెద్దదానికే వెళ్దాం" అనేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. మిలన్ రైలు దింపేది దక్షిణపు ఒడ్డున, దెసెంజానోలోనో పెస్కియేరాలోనో. అక్కడ సరస్సు మహా వెడల్పు, ఒకచోట 17 కిలోమీటర్ల దాకా ఉంటుంది. కొండలు దూరంగా మసకగా కనిపిస్తాయి, అంతే. సరస్సు ఇరుకై, రెండు వైపులా నిట్టనిలువు రాతికొండలు మీదికొచ్చే అసలు గార్డా ఉత్తరాన ఉంది: లిమోనే, మల్చేసినే, రివా. దెసెంజానో నుంచి రివాకి మామూలు బోటు నాలుగు గంటలు దాటుతుంది. పాపికొండల లాంచీ ఎక్కినవాళ్లకి ఆ అనుభవం తెలుసు. మొదటి గంట ఫొటోలు, రెండో గంట కబుర్లు, ఆ తర్వాత కునికిపాట్లు. పాపికొండల్లో అయితే భోజనం వాళ్లే పెడతారు, అదొక ఊరట.

కాబట్టి ఒక్క రోజుకి గార్డా అంటే నిజానికి సిర్మియోనే. సరస్సులోకి సన్నగా పొడుచుకొచ్చిన భూమి, దాని గుమ్మంలో నాలుగు పక్కలా నీళ్లున్న కోట, కొసన రోమన్ల నాటి పెద్ద విల్లా శిథిలాలు. ఆ శిథిలాలకి కవి కటుల్లస్ పేరు పెట్టారు గానీ ఆయన అందులో ఉన్నాడనడానికి ఆధారం లేదు. సిర్మియోనే అందమైన ఊరే, కాదనను. కానీ వేసవి శనివారం మధ్యాహ్నం కోట వంతెన మీద ఇద్దరూ పక్కపక్కన నడిచే చోటుండదు. ఒకరి వెనక ఒకరు, ఐస్‌క్రీమ్ కోన్ ఎవరి భుజానికీ తగలకుండా ఎత్తిపట్టుకుని పోవాలి.

మల్చేసినేని వదులుకోవడమే బాధ. 1786లో జర్మన్ కవి గోథే అక్కడి కోట బొమ్మ గీస్తుంటే, ఆస్ట్రియా గూఢచారి అనుకుని ఊరివాళ్లు చుట్టుముట్టారు. ఇప్పుడు ఆ ఊరి నుంచే మోంటే బాల్డో కొండ మీదికి కేబుల్ కారు వెళ్తుంది, పైకి వెళ్తూ క్యాబిన్ గుండ్రంగా తిరుగుతుంది. దీనికోసం రాత్రి అక్కడ ఉండాలి. మిలన్ నుంచి పొద్దున్న వెళ్లి సాయంత్రం వచ్చేవాళ్ల పని కాదు. ఒక్క మినహాయింపు: మీ బస వెరోనాలో అయితే పెస్కియేరా పావుగంట దూరం. అప్పుడు కోమో గురించి ఆలోచించనే వద్దు, గార్డాకే వెళ్లండి.

మజ్జోరే విస్తీర్ణంలో రెండోది, సుమారు 212 చదరపు కిలోమీటర్లు, ఉత్తరపు కొస స్విట్జర్లాండ్‌లో ఉంటుంది. పెద్దదే అయినా ఇక్కడ ఆ పెద్దతనం మన జోలికి రాదు. చూడాల్సినవి స్ట్రేజా ఊరి ఎదురుగానే ఉన్నాయి: మూడు చిన్న ద్వీపాలు, బోటులో ఒక్కోదానికి కొద్ది నిమిషాలు. ఈసోలా బెల్లా మీద 1632లో బొరొమేయో వంశంవాళ్లు మొదలుపెట్టిన ప్యాలెస్, వెనక మెట్లు మెట్లుగా పది అంతస్తుల తోట, అందులో తెల్ల నెమళ్లు. మత్స్యకారుల ద్వీపంలో భోజనం. ఈసోలా మాద్రే తోటలో ఒక పెద్ద సైప్రస్ చెట్టుంది, భూటాన్, అరుణాచల్ వైపు పెరిగే జాతి. 2006లో సుడిగాలికి వేళ్లతో సహా ఒరిగిపోతే, క్రేన్లతో లేపి మళ్లీ నిలబెట్టారు. ఇప్పటికీ చుట్టూ ఉక్కుతాళ్లు కట్టి ఉంటాయి. సెలైన్లు పెట్టిన పెద్దాయన్ని చూసినట్టు జనం దాని చుట్టూ గొంతు తగ్గించి మాట్లాడతారు. నాకు ఆ ప్యాలెస్ కన్నా ఈ చెట్టే ఎక్కువ నచ్చింది.

అమ్మానాన్నలో అత్తమామలో వెంట ఉంటే నా ఓటు మజ్జోరేకే. బోటు ప్రయాణాలు చిన్నవి, కూర్చోడానికి తోటలున్నాయి, దారి తప్పే పనే లేదు. ప్యాలెస్ లోపల మెట్లు కాస్త ఎక్కాలి, అదొక్కటే ఇబ్బంది. స్విట్జర్లాండ్ నుంచి మిలన్ వచ్చే రైళ్లు కొన్ని స్ట్రేజాలో ఆగుతాయి, అలా దారిలో దిగి చూసుకోవచ్చు కూడా. ఇద్దరే వెళ్తే మాత్రం కొంచెం టికెట్ కొన్న మ్యూజియంలా అనిపిస్తుంది. ప్రతిచోటా గేటు, క్యూ, చూపించిన దారిలోనే నడక. ఊరికే తిరిగే వీలు తక్కువ.

ఇక కోమో. మూడింట్లో చిన్నది, 146 చదరపు కిలోమీటర్లే. కానీ 400 మీటర్లు దాటిన లోతు. మూడు పాయలుగా చీలిన సరస్సు, పాయలు కలిసేచోట బెల్లాజియో. దానికి తూర్పు ఒడ్డున వరెన్నా, పడమటి ఒడ్డున మెనాజియో, కదెనాబ్బియా, ట్రెమెజ్జో, లెన్నో. వరెన్నా నుంచి బెల్లాజియోకి బోటు పావుగంట. బెల్లాజియో నుంచి ఎదుటి ఒడ్డుకి ఇంకో పది పదిహేను నిమిషాలు. మధ్య సరస్సు మొత్తం సిటీ బస్సెక్కి తిరిగినంత సులువు. రేవుకీ రేవుకీ మధ్య టైమే అసలు సంగతి అన్నాను కదా, ఆ లెక్కలో కోమోకి పోటీ లేదు.

అయితే ఇక్కడో మెలిక ఉంది. కోమో సరస్సు అనగానే అందరూ కోమో ఊరికి టికెట్ తీస్తారు. ఆ ఊరు నైరుతి పాయ చివర ఉంది. అక్కడి నుంచి బెల్లాజియోకి మామూలు బోటు రెండు గంటలు. రానూపోనూ నాలుగు. నీటి మీదికి లేచి దూసుకుపోయే హైడ్రోఫాయిల్ బోటు అయితే ముప్పావు గంటలో తీసుకెళ్తుంది గానీ, డబ్బులు ఎక్కువ, కూర్చోవడం లోపల, కిటికీ అద్దం మీద నీటి తుంపర్లు. సరస్సు చూడ్డానికి వచ్చి సరస్సు చూడకుండా పోయే పద్ధతి అది. మిలన్ సెంట్రల్ నుంచి తిరానో వైపు వెళ్లే రైలెక్కండి, గంటకు కాస్త ఎక్కువలో వరెన్నా వస్తుంది. వెళ్లేటప్పుడు ఎడమ పక్క సీట్లు చూసుకోండి, లెక్కో దాటాక నీళ్లు కిటికీ పక్కకే వస్తాయి. టికెట్ కాగితం మీదిదైతే ఎక్కేముందు ప్లాట్‌ఫాం దగ్గరి మిషన్లో స్టాంపు కొట్టించాలి. లేకపోతే జరిమానా కట్టాల్సి రావచ్చు.

వరెన్నా స్టేషన్ నుంచి రేవుకి పది నిమిషాల దిగుడు నడక. రైలు దిగిన గుంపంతా తిన్నగా బెల్లాజియో బోటు క్యూలో నిలబడుతుంది. మీరు నిలబడకండి. ముందు అటు ఒడ్డుకి వెళ్లండి. పొద్దున్నే లెన్నోలో దిగి విల్లా బాల్బియనెల్లో చూసుకుంటే మిగతా రోజంతా హాయి. దీపికా పదుకొణె, రణ్‌వీర్ సింగ్‌ల పెళ్లి 2018 నవంబరులో జరిగింది అక్కడే, అందుకని మనవాళ్లకి ఆ పేరు బాగా తెలుసు. విల్లా చివరి యజమాని గ్విడో మోంజీనో సంగతే ఎవరూ చెప్పుకోరు. 1973లో ఎవరెస్టు ఎక్కిన ఇటలీ బృందానికి నాయకుడు ఆయనే. 1988లో పోతూ పోతూ ఇల్లూ తోటా ఒక ట్రస్టుకి రాసేశాడు, ఆయన సమాధి కూడా ఆ తోటలోనే ఉంది. సోమవారం, బుధవారం మూసి ఉంటుంది, లోపలి గదులు చూడాలంటే ముందే బుక్ చేసుకోవాలి. లెన్నో రేవు నుంచి తోటదారి నడక కిలోమీటరు ఉంటుంది. ఏప్రిల్ చివర, మే నెలలో వెళ్తే ట్రెమెజ్జోలో విల్లా కార్లోత్తా కూడా చేర్చుకోండి, అజేలియా పూలు గోడలు కట్టినట్టు పూస్తాయి. మిగతా నెలల్లో అయితే రెండు విల్లాలు ఒకే రోజు ఎక్కువే.

బెల్లాజియోకి మధ్యాహ్నం మూడు దాటాక రండి. మెట్ల వీధుల్లో షాపులన్నీ ఒకే రకం, ఊరి ఉత్తరపు కొసకి నడిస్తే మాత్రం మూడు పాయలూ ఒకేసారి కనిపిస్తాయి. వరెన్నాకి తిరిగొచ్చాక రైలుకి ముందు కొంత టైము ఉంచుకోండి. నీళ్ల మీదుగా కొండ అంచుకి బిగించిన ఇనప కమ్మీల నడకదారి ఒకటుంది, ప్రేమికుల దారి అంటారు. పేరు కాస్త అతే గానీ ఇద్దరికి సరిపోయే వెడల్పే.

బోటు ఏది ఎక్కాలి అన్నది ఇంకో తగువు. సర్కారు ఫెర్రీనా, సొంతంగా అద్దెకి తీసుకునేదా? ఇటలీలో 40 హార్స్‌పవర్ లోపు మోటారు బోటుకి లైసెన్సు అక్కర్లేదు, 18 ఏళ్లు నిండితే చాలు. పది నిమిషాలు నేర్పించి తాళం చేతిలో పెడతారు. వినడానికి బాగుంటుంది. ఇద్దరే నీళ్ల మధ్యలో, విల్లాల ముందు నుంచి నెమ్మదిగా పోవడం నిజంగానే ఫెర్రీలో దొరకదు. కానీ గంట అద్దె, పెట్రోలు, కార్డు మీద డిపాజిట్ కలిపి చూస్తే ఇద్దరి రోజంతా ఫెర్రీ టికెట్లు దాని ముందు చిల్లర. పైగా ఫెర్రీ రేవుల్లో మీ బోటు ఆపనివ్వరు. అంటే విల్లా ముందు నుంచి చూడటమే, దిగి లోపలికి వెళ్లడం కష్టం. ఇద్దరిలో ఒకరి కళ్లు ఎప్పుడూ ముందున్న నీళ్ల మీదే ఉండాలి, రొమాన్స్‌లో సగం అక్కడే పోతుంది. ఈత రాకపోతే అసలు వద్దు. తీసుకుంటే పొద్దున్న ఒక గంట తీసుకోండి. మధ్యాహ్నం దాటాక దక్షిణం నుంచి బ్రేవా గాలి లేస్తుంది, ఫెర్రీల అలలు దానికి తోడై చిన్న బోటుని ఎగరేస్తాయి.

ఫెర్రీల్లో మాత్రం నాకు ఇష్టమైనది కార్లెక్కే బల్లకట్టు. టూరిస్టులు దాన్ని పట్టించుకోరు. పైన బారుగా చెక్క బెంచీలు, అడ్డంలేని గాలి, కింద కూరగాయల వ్యాన్లు. రేవు దగ్గరికి రాగానే మనిషి ఒకడు చేతిలో లావుపాటి తాడు చుట్టతో అంచున నిలబడతాడు. ఒక్క విసురు, గుంజకి రెండు చుట్లు, తాడు బిగుసుకుని కిర్రుమంటుంది, ఇనప పలక దభీమని గట్టు మీద పడుతుంది. ఇంజను ఆపనే ఆపరు. వరెన్నా, బెల్లాజియో, మెనాజియో, కదెనాబ్బియాల మధ్య ఇదే రోజంతా తిరుగుతుంటుంది. మధ్య సరస్సు మొత్తానికి ఒక రోజు పాసు ఇస్తారు. మూడు నాలుగు సార్లు ఎక్కేట్టయితే అదే చవక. పాసున్నంత మాత్రాన సీటు ఖాయం కాదు, నిండితే తర్వాతి బోటే. అందుకే సాయంత్రం బెల్లాజియో నుంచి చివరి బోటు మీద ఆశ పెట్టుకోకూడదు, దానికి ముందుదాంట్లో రావాలి.

తిండి దగ్గర మాంసాహారులకి కోమోలో చింత లేదు. ఉప్పుపెట్టి, ఎండబెట్టి, డబ్బాలో నొక్కిపెట్టిన మిస్సోల్తీని చేప పొలెంటాతో, అంటే మొక్కజొన్న సంకటితో ఇస్తారు. వాసన గట్టిగానే ఉంటుంది, అలవాటున్నవాళ్లు లొట్టలేస్తారు. శాకాహారులు పిజ్జోక్కెరి అడగండి: ఎక్కువగా బక్‌వీట్ అనే వేరే గింజ పిండితో, కాస్త గోధుమపిండి కలిపి చేసిన వెడల్పాటి పాస్తా, బంగాళాదుంప, క్యాబేజీ, వెన్న, చీజ్. కూరగాయల రిసోట్టో (ముద్దగా వండే అన్నం) అన్నా అందులో మాంసం ఉడికించిన నీళ్లు పోయొచ్చు, అడిగి తీసుకోవాలి. రెండున్నర దాటితే చాలా హోటళ్లలో వంటిల్లు కట్టేస్తారు, మళ్లీ రాత్రి ఏడుకే.

ఇదంతా ఏప్రిల్ నుంచి అక్టోబరు మొదటి వారాల దాకా చెల్లే మాట. చలికాలంలో బోట్లు తగ్గిపోతాయి, విల్లాలు, ద్వీపాల్లోని ప్యాలెస్‌లు మూసేస్తారు. అప్పుడు నేను వద్దన్న కోమో ఊరే నయం. మిలన్ కదోర్నా నుంచి రైలు సరస్సు ఒడ్డుకే వస్తుంది. 1894 నుంచి నడుస్తున్న ఫ్యునిక్యులర్‌లో, అంటే తాడుతో లాగే కొండ రైల్లో, బ్రునాతే కొండెక్కి, దిగి, దగ్గరి ఊళ్లకి ఒక చిన్న బోటు చుట్టు వేసి, చీకటి పడేలోగా మిలన్ చేరొచ్చు.