మహావతార్ నరసింహ: చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

మా ఇంట్లో ఇద్దరు, పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి ఐదు. 2025 జులైలో ఈ సినిమా వచ్చినప్పుడు అందరినీ బయల్దేరదీసింది మా అత్తగారే. దేవుడి సినిమా, పైగా బొమ్మల సినిమా, పిల్లలకి కాకపోతే ఎవరికి చూపిస్తాం అన్నారు. నాకూ నిజమేగా అనిపించింది. టికెట్లు బుక్ చేసేటప్పుడు పేరు పక్కన సెన్సార్ వాళ్ల వయసు గుర్తు ఉంటుంది కదా, ఇప్పుడు యూఏలోనే 7, 13, 16 అని మూడు రకాలు చేశారు, అయినా ప్రహ్లాదుడి కథకి అదెవరు చూస్తారు, నేనూ చూడలేదు.

ముందే చెప్పేస్తా. సినిమా నాకు నచ్చింది, పాపకీ నచ్చింది. బాబుని మాత్రం అమ్మ వాళ్లింట్లో వదిలి వెళ్లాల్సింది.

ప్రహ్లాదుడి కోసం వెళ్లి కూర్చుంటే ప్రహ్లాదుడు చాలాసేపు రాడు. దర్శకుడు అశ్విన్ కుమార్ కథని కశ్యపుడు, దితి దగ్గర మొదలుపెట్టాడు, అసురసంధ్య వేళ ఆవిడ భర్తని సంతానం కోరడం దగ్గర. ఆయన ఇప్పుడెందుకు వద్దంటున్నాడు అని పాప గట్టిగా అడిగితే సంధ్యావందనం టైము కదా అని తప్పించుకున్నాను, మీరు మీ జవాబు సిద్ధం చేసుకుని వెళ్లండి. ఆ తర్వాత హిరణ్యాక్షుడు, వరాహస్వామి, యుద్ధం. అక్కడే మావాడు త్రీడీ కళ్లద్దాలు తీసేసి రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. తెర మీది బొమ్మ కన్నా చప్పుడుకే ఎక్కువ బెదిరాడు. సామ్ సీఎస్ సంగీతమే ఉరుములా ఉంటుంది, దానికి తోడు హాలు వాళ్లు సౌండ్ ఎంతలో పెట్టారో గాని సీటు కింద నేల అదురుతోంది. మా వరసలోనే ఇంకో ఇద్దరు చంటిపిల్లలు ఏడుపు అందుకున్నారు, ఒకావిడ బయటికి వెళ్లి ఇంటర్వెల్ దాకా రాలేదు.

పాపకి యుద్ధాలు లెక్కలేదు, రోజూ టీవీలో చూసేవే. అది బిగుసుకుపోయింది కొడుకుని చంపించడానికి తండ్రి ఒక్కో ఉపాయం పన్నుతుంటే. ఏనుగులు, పాములు, కొండ మీద నుంచి తోయించడం, ఇవన్నీ మనం అన్నం తినిపిస్తూ చెప్పేటప్పుడు తలా ఒక వాక్యం, భయపడే లోపే హరి వచ్చి కాపాడేశాడు అనేస్తాం కాబట్టి పిల్లలు ఇంకో ముద్ద తినేస్తారు. తెర మీద ఆ పసివాడి మొహం చూస్తూ కూర్చోవడం వేరు. వాళ్ల నాన్నే కదా, సొంత నాన్నే కదా అని మూడుసార్లు అడిగింది. ఆ రాత్రి వెళ్లి వాళ్ల నాన్న పక్కనే పడుకుంది. రక్తం, గోళ్లు, స్తంభం గురించి అందరూ మాట్లాడుతున్నారు గాని, కాస్త పెద్ద పిల్లలకి అసలు కష్టం ఇక్కడే అని నాకనిపించింది.

మేము చిన్నప్పుడు టీవీలో చూసిన 1967 నాటి భక్త ప్రహ్లాదలో ఎస్వీ రంగారావు గారు ఎంత గర్జించినా మధ్యలో పాటలు, పద్యాలు, నారదుడిగా బాలమురళీకృష్ణ గారు వచ్చి పాడటం, ఊపిరి తీసుకోవడానికి చోటుండేది. ఇందులో ఆ చోటు తక్కువ. చివరి యుద్ధమైతే ఆగదు. పెద్దవాళ్లకి ఒళ్లు గగుర్పొడుస్తుంది, హాల్లో దండాలు పెట్టినవాళ్లు కూడా ఉన్నారు, ఆ ఇరవై నిమిషాల కోసమైనా పెద్ద తెర మీద చూడాల్సిందే. మిగతా చోట్ల బొమ్మల నడక, మొహాలు అక్కడక్కడా వీడియో గేమ్‌లా ఉన్నాయి, పిల్లలు పట్టించుకోలేదు కాబట్టి నేనూ వదిలేస్తున్నా. తెలుగు డబ్బింగ్‌లో గ్రాంథికం బాగానే దట్టించారు, బాబుకి సగం అర్థం కాలేదు. హోలిక వచ్చినప్పుడు మా అత్తగారు ఈవిడెవరే, పోతన గారి భాగవతంలో లేదే అని నన్ను నిలదీశారు. మన వైపు హోలీ అంటే కామదహనమే కదా, ఆవిడకి హోలిక కొత్త.

ఐదారేళ్ల వాళ్లని హాలుకి అస్సలు వద్దు. ఏడెనిమిదేళ్ల వాళ్లకి ఇంట్లో నెట్‌ఫ్లిక్స్‌లో చూపించండి, సౌండ్ తగ్గించి, కథ ముందే మొత్తం చెప్పేసి, అడిగిన చోట ఆపి. రెండు గంటలు దాటిన సినిమా, రెండు విడతలుగా చూసినా నష్టం లేదు. తొమ్మిది పది దాటితే ధైర్యంగా తీసుకెళ్లచ్చు, కాకపోతే పక్కనే కూర్చోండి, ఫోన్ లోపల పెట్టేయండి.

తర్వాతి వారం సింహాచలం వెళ్లాం. మావాడు గుడి లోపలికి రానని మారాం, ఆ స్వామికి కోపం అని. మా అత్తగారు వాణ్ని చంకనేసుకుని లోపలికి తీసుకెళ్లి, నిలువెల్లా గంధంతో ఉన్న అప్పన్నని చూపించి, ఆ వేడి చల్లారాలనే ఇంత చందనం పూస్తారు నాన్నా, ఏడాదికి ఒక్కసారి అక్షయ తృతీయ నాడే తీస్తారు అని చెప్పారు. వాడు కాసేపు అలాగే చూసి, అయితే ఆ రోజు మనం రావద్దు అన్నాడు.