డి3 60,000 క్యాప్సూల్ రోజూ వేసుకునేది కాదు: కాల్షియం మందులు కొనేవాళ్లు దయచేసి చదవండి

ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకి కాల్షియం, విటమిన్ డి మందులు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి పంపించేవాళ్లు ఇది కాస్త ఓపిగ్గా చదవండి. మా అమ్మ నిన్ననే ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. ఐదు రోజులు సెలైన్ మీద ఉంది. కొత్త జబ్బేదో వచ్చి కాదు. మోకాళ్ల నొప్పులకని కొన్న బలం మందుల వల్ల.

అమ్మకి 64 ఏళ్లు. తెనాలి దగ్గర మా ఊళ్లో ఒక్కతే ఉంటుంది, నేను హైదరాబాద్‌లో ఉంటాను. బీపీకి, థైరాయిడ్‌కి ఏళ్ల తరబడి బిళ్లలు వాడుతోంది. ఈమధ్య మోకాళ్లు మరీ పట్టేస్తున్నాయని మెడికల్ షాపుకెళ్లి అడిగింది. డాక్టర్ చీటీ లేదు. షాపులో అబ్బాయి ఒక కాల్షియం డబ్బా, విటమిన్ డి3 క్యాప్సూల్స్ నాలుగు ఉన్న చిన్న స్ట్రిప్ ఒకటి ఇచ్చాడు. వారానికొకటి అని చెప్పాననే అంటున్నాడు ఇప్పుడు. చెప్పే ఉండొచ్చు. కవరు మీద మాత్రం ఒక్క ముక్క రాయలేదు. మా అమ్మ వారానికొకసారి వేసుకునే మందు ఎప్పుడూ చూడలేదు. బీపీ బిళ్ల రోజూ, థైరాయిడ్ బిళ్ల రోజూ, కాల్షియం రోజూ. ఇది కూడా అంతే అనుకుంది.

నాలుగు రోజుల్లో స్ట్రిప్ అయిపోయింది. దాని ఫోటో వాట్సాప్‌లో పెట్టి, "ఇవి అయిపోయాయే అమ్మాయ్, నువ్వు ఆర్డర్ పెడితే తక్కువకొస్తాయి కదా" అంది. నేను ఆఫీసు పనిలో ఉండి, అదే పేరు వెతికి, పది స్ట్రిప్పులు తీసుకుంటే తగ్గింపు ఉందని పదీ పెట్టేశాను. ఆ యాప్ చీటీ అడగలేదు, ఎలా వాడుతున్నారని అడగలేదు. నేనూ అమ్మని అడగలేదు. వారానికొకటి చొప్పున అయితే పది స్ట్రిప్పులంటే నలభై వారాల మందు. ఆ లెక్క మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

నాలుగో వారం దాటాక ఫోన్‌లో అమ్మ గొంతు నీరసంగా ఉండేది. నోరు ఎండిపోతోందని, రాత్రి నాలుగైదు సార్లు బాత్‌రూమ్‌కి లేవాల్సి వస్తోందని చెప్పింది. షుగరేమో అని టెన్షన్ పడి పరీక్ష చేయిస్తే బాగానే ఉంది. తర్వాత అన్నం సయించడం మానేసింది. మలబద్ధకం, వాంతులు. వయసు మీద పడింది, ఎండలు కూడా అనుకున్నాం. ఒకరోజు పొద్దున పిన్ని వెళ్లేసరికి పొయ్యి మీద ఖాళీ గిన్నె మాడుతోందట, అమ్మ పక్కనే కూర్చుని ఇవాళ ఏ వారం అని మూడుసార్లు అడిగిందట. వెంటనే గుంటూరు తీసుకెళ్లారు.

అక్కడ చూసిన డాక్టరమ్మ ముందు అడిగిన మాట, "ఈవిడ వాడే మందులన్నీ తీసుకురండి, ఖాళీవి కూడా." పిన్ని ఇంటికెళ్లి అమ్మ మందులు పెట్టుకునే బిస్కెట్ డబ్బా మొత్తం పట్టుకొచ్చింది. మళ్లీ కొనేటప్పుడు చూపించడానికి పనికొస్తాయని అమ్మ ఖాళీ స్ట్రిప్పులు పారేయదు. మంచం మీద గుమ్మరించి లెక్కపెట్టాం. పది ఖాళీ స్ట్రిప్పులు, పదకొండో దాంట్లో మూడు మిగిలాయి. అంటే 41 రోజుల్లో 41 క్యాప్సూల్స్. ఒక్కొక్కటీ 60,000 యూనిట్లు. పెద్దవాళ్లకి రోజుకి కావాల్సింది 600 నుంచి 800 యూనిట్లు. రక్తంలో కాల్షియం 10.5 లోపు ఉండాల్సింది 13.4 ఉంది. క్రియాటినిన్ కూడా పెరిగింది, అంటే కిడ్నీల మీద భారం పడింది.

బలం మందే కదా, ఎక్కువైతే ఒంటికి పట్టకుండా పోతుందిలే అని నేను కూడా ఇన్నాళ్లూ అనుకున్నాను. బి కాంప్లెక్స్‌లో చాలా విటమిన్లు మిగిలినవి మూత్రంలో పోతాయి. డి అలా పోదు. కొవ్వులో నిల్వ ఉండి, పేగుల నుంచి కాల్షియాన్ని రక్తంలోకి లాగుతూనే ఉంటుంది. అందుకే మందు ఆపినా వెంటనే తగ్గలేదు, ఇంకా కొన్ని వారాలు రక్త పరీక్షలు చేయిస్తూ ఉండాలన్నారు. దానికి తోడు అమ్మ బీపీ బిళ్లలో క్లోర్‌థాలిడోన్ ఉంది. మూత్రంలో పోవాల్సిన కాల్షియాన్ని అది ఆపుతుందట. హైడ్రోక్లోరోథయాజైడ్ కూడా అదే జాతి. మీ ఇంట్లో బీపీ స్ట్రిప్ మీద ఈ పేర్లలో ఏదైనా ఉంటే, కాల్షియం మొదలుపెట్టే ముందు డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

ఇక ఆ కాల్షియం డబ్బా సంగతి. ముందువైపు పెద్ద అక్షరాలతో 1000 మి.గ్రా. అని ఉంది. వెనక చిన్న అక్షరాల్లో అది రెండు బిళ్లలకి కలిపి అని ఉంది. ఇంకో రకం డబ్బాల్లో ఇది తిరగబడుతుంది. బిళ్లలో కాల్షియం కలిసి ఉన్న పదార్థం మొత్తం బరువు వేసి, అసలు కాల్షియం ఎంతో చెప్పరు. కాల్షియం కార్బొనేట్ 1250 మి.గ్రా. అంటే అందులో కాల్షియం 500 మి.గ్రా. కాల్షియం సిట్రేట్ 1000 మి.గ్రా. అంటే 210 మి.గ్రా. దాకానే. కాబట్టి వెనక ఎలిమెంటల్ కాల్షియం (అంటే అసలు కాల్షియం) అని ఎంత రాశారో, అది ఎన్ని బిళ్లలకో చూసుకుని కొనండి. అలా రాయని డబ్బా నేనైతే ఇక కొనను. కాల్షియం బిళ్లల్లో చాలావాటిలో డి3 కలిపే ఉంటుంది, అది కూడా లెక్కలోకి రావాలి. గ్యాస్‌కి చప్పరించే కొన్ని బిళ్లల్లో ఉండేది కూడా కాల్షియం కార్బొనేటే.

మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం పెద్దవాళ్లకి రోజుకి 1000 నుంచి 1200 మి.గ్రా. చాలు, అది తిండితో కలిపి. అమ్మ రోజూ రెండు గ్లాసుల పాలు తాగుతుంది, రెండు పూటలా పెరుగన్నం, పొద్దున రాగి జావ. ఇవన్నీ లెక్కేసి డాక్టరమ్మ, "ఈవిడకి తిండిలోనే చాలావరకు వస్తోంది, పైన వెయ్యి ఎవరు వేసుకోమన్నారు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

అక్కడే ఇంకో సంగతి బయటపడింది. అమ్మ థైరాయిడ్ రిపోర్టు కూడా తేడాగా వచ్చింది. ఆరింటికి థైరాయిడ్ బిళ్ల, ఏడున్నరకి టిఫిన్‌తో కాల్షియం వేసుకునేది. కాల్షియం ఆ మందుని ఒంటికి పట్టనివ్వదు, రెండింటి మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలి. ఐరన్ బిళ్లతో కలిపి కూడా వేసుకోకూడదు. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్స్ రాసినప్పుడు కూడా ఎంత గ్యాప్ ఇవ్వాలో అడగండి. కార్బొనేట్ అయితే భోజనంతో వేసుకుంటేనే సరిగా పడుతుంది, సిట్రేట్‌కి ఆ పట్టింపు లేదు. ఏదైనా ఒకేసారి 500 మి.గ్రా. మించి వేసుకుంటే ఒంటికి పట్టేది తగ్గుతుంది. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు అడగకుండా అసలు మొదలుపెట్టొద్దు.

ఇది చదివి భయపడి ఎవరూ డాక్టర్ రాసిన కాల్షియం మానేయకండి, ముఖ్యంగా గర్భిణులు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో నాలుగో నెల నుంచి ఇచ్చే 500 మి.గ్రా. బిళ్లలు, రోజుకి రెండు, తల్లికీ బిడ్డకీ అవసరమైనవే. ఎముకలు గుల్లబారినవాళ్లకి కూడా కావాలి. డి3 60,000 కూడా, పరీక్షలో తక్కువ ఉందని తేలితే, డాక్టర్ చెప్పినన్ని వారాలు వాడాల్సిన మంచి మందే. నేను చెప్పేది చీటీ లేకుండా, లెక్క లేకుండా, ఆఫర్ చూసి కొనడం గురించి.

ఇవాళే ఫోన్ చేసి మీవాళ్లని డబ్బాలోవన్నీ మంచం మీద పరిచి ఒక ఫోటో పంపమనండి. ప్రతి స్ట్రిప్ చూసి "ఇది ఎప్పుడెప్పుడు వేసుకుంటున్నావు?" అని విడివిడిగా అడగండి. సరిగ్గా వేసుకుంటున్నావా అంటే అందరూ వేసుకుంటున్నామనే అంటారు. కాల్షియం, డి వాడుతున్నవాళ్లకి విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, వాంతులు, మతిమరుపు కనిపిస్తే మందులు వెంటబెట్టుకుని వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, సీరం కాల్షియం (రక్తంలో కాల్షియం) పరీక్ష అవసరమేమో అడగండి.

నిన్న ఇంటికొచ్చేటప్పటికి అమ్మ కాల్షియం 10.8కి దిగింది. వచ్చే సోమవారం మళ్లీ రక్తం ఇవ్వాలి, థైరాయిడ్ పరీక్ష ఆరు వారాల తర్వాత. అప్పటిదాకా నేను ఊళ్లోనే ఉంటున్నాను. మిగిలిన ఆ మూడు క్యాప్సూల్స్ డాక్టరమ్మ దగ్గరే వదిలేసి వచ్చాం.