పాత డీజిల్ కారు కుదుపు: స్కానరా, పారదర్శక గొట్టమా?

పాత కామన్‌రైల్ (రైల్ అనే ఒకే ఉమ్మడి పైపు నుంచి ఇంజెక్టర్లన్నిటికీ ఎక్కువ పీడనంతో డీజిల్ అందే) డీజిల్ కారు అప్పుడప్పుడూ కుదుపుతుంటే మెకానిక్ చేయి ముందు కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ మీదికే పోతుంది. అందులో లోపం కోడ్ రాలేదంటే కారు బాగున్నట్టు కాదు. కుదిపిన క్షణంలో కంప్యూటర్ కోరిన రైల్ పీడనం, అసలు పీడనం పక్కపక్కన చూడాలి. అసలుది పడిపోతే డీజిల్ అందడం లేదనే అనుమానించాలి. ఎందుకన్నది స్కానర్ చెప్పదు.

అది చెప్పేది మూరెడు పారదర్శక గొట్టం. ఫిల్టర్ తర్వాత, తక్కువ పీడనం ఉండే పైపులో దాన్ని బిగించి ఇంజిన్ నడపాలి. మొదట్లో నాలుగు బుడగలు సహజమే. ఆగకుండా వస్తుంటే ఎండిపోయిన రబ్బరు రింగో, చీలిన పైపో గాలి పీలుస్తోంది. ఖర్చు తక్కువ కాబట్టి నా ఓటు ముందు దీనికే.

ఇంజిన్ వేడెక్కాకే కుదిపి, ఇంజిన్ వేగం చూపే టాకోమీటర్ ముల్లు చటుక్కున సున్నాకు పడుతుంటే మాత్రం ఇంజిన్ తిరగడాన్ని కనిపెట్టే క్రాంక్ సెన్సర్‌ను అనుమానించాలి. అక్కడ స్కానరే దిక్కు.