ఫూజీ కొండ కింద మూడు రోజులు: బూస్ట్ కంట్రోలర్ కోసం ఒక ప్రయాణం

జపాన్‌లో తోమే ఎక్స్‌ప్రెస్ వేలో ఓయి-మత్సుదా దాటాక గోతెంబా వైపు పెద్ద ఎక్కుడు దారి మొదలవుతుంది. నాలుగో గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాను. మామూలుగా ఆగే చోట బూస్ట్ మీటర్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడిని చూపేది) ముల్లు ఆగలేదు. "బావా, ముల్లు చూడు!" అని మా బావమరిది అనేలోపే ఎవరో వెనక నుంచి తాడు కట్టి లాగినట్టు కారు ఒక్క కుదుపు కుదిపింది. అది ఫ్యూయల్ కట్. బూస్ట్ హద్దు దాటితే ఇంజిన్‌ను కాపాడటానికి ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, పెట్రోలు ఆపేస్తుంది. కాలు తీసేసి, ఎడమ లేన్‌లో నెమ్మదిగా నడిపి అయుజావా పార్కింగ్ ఏరియాలో ఆపాను.

బానెట్ ఎత్తితే విషయం తెలిసింది. వేస్ట్‌గేట్‌ను (ఎగ్జాస్ట్‌ను టర్బైన్ పక్క నుంచి వదిలే తలుపు) తెరిచే యాక్చుయేటర్‌కు వెళ్ళే చిటికెనవేలంత గొట్టం ఊడి వేలాడుతోంది. కొస గట్టిపడి, నోరు తెరుచుకుని ఉంది. దాని మీద క్లిప్ లేదు, కనీసం జిప్ టై కూడా లేదు. ఏడాది కిందట టోక్యోలో ఒక షాపులో బూస్ట్ ఎంతవరకు పెరగాలో చేత్తో సరిపెట్టే మాన్యువల్ బూస్ట్ కంట్రోలర్ పెట్టించుకున్నాను. వాళ్ళు సిలికాన్ గొట్టాన్ని టర్బో వేడికి బాగా దగ్గరగా పోనిచ్చి, ఊరికే దోపి వదిలేశారు. ఆ గొట్టం ఊడితే గాలి ఒత్తిడి యాక్చుయేటర్‌కు అందదు. వేస్ట్‌గేట్ తెరుచుకోదు. ఎగ్జాస్ట్ మొత్తం టర్బైన్ మీదికే పోయి బూస్ట్ అలా పెరుగుతూనే ఉంటుంది. ఈసీయూ పెట్రోలు ఆపకపోయి ఉంటే పిస్టన్ల గతి ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

గట్టిపడ్డ కొసను ఒక అంగుళం కోసేసి, మళ్ళీ దోపి, టూల్ బాక్సులో ఉన్న జిప్ టై బిగించాం. తర్వాత దారంతా కాలు తేలికగా వేసే నడిపాను.

కారు సుజుకీ ఆల్టో వర్క్స్, 2015 చివర్లో వచ్చిన మోడల్. మన మారుతి ఆల్టోకు చుట్టమే, కానీ దీనిలో 658 సీసీ టర్బో ఇంజిన్, 5 గేర్ల మాన్యువల్, 64 పీఎస్ పవర్ ఉన్నాయి. బరువు 670 కిలోలే. కేయీ (జపాన్‌లో చిన్న కార్ల తరగతి) కారు కాబట్టి ఎక్స్‌ప్రెస్ వే టోల్ మామూలు కార్ల కంటే సుమారు 20 శాతం తక్కువ. అక్టోబరు రెండో సోమవారం ఇక్కడ స్పోర్ట్స్ డే సెలవు. ఆ మూడు రోజులు కలిసొచ్చాయని పులిహోర కట్టుకుని టోక్యోలోని నిషి-కసాయిలో శనివారం పొద్దున్నే బయలుదేరాం. అసలు ప్రయాణమే మంచి బూస్ట్ కంట్రోలర్ ఎంచుకోవడానికి. మాన్యువల్ దానిలో ఒక స్క్రూ తప్ప ఏమీ ఉండదు. ఆగస్టు ఎండలో సరిపెడితే జనవరి చలి రాత్రి ముల్లు ఇంకా పైకి లేచేది. ఆ తేడా నాకు నచ్చలేదు.

మొదటి మజిలీ మచిదా దగ్గర అప్ గ్యారేజ్. సెకండ్ హ్యాండ్ కారు సామాన్లకు ఇది జపాన్‌లో పెద్ద పేరు. 1999లో మొదలైంది. మీటర్లు, సీట్లు, టర్బోలు, రిమ్ములు వరసగా పేర్చి ఉంటాయి. ప్రతి దాని మీద ఏది ఉంది, ఏది లేదు అని చీటీ అంటించి ఉంటుంది. ఆ చీటీ తీరిగ్గా చదవాలి. నాకు నచ్చిన ఒక గ్రెడ్డీ ప్రొఫెక్ అనే ఎలక్ట్రానిక్ కంట్రోలర్ అద్దాల బీరువాలో మంచి ధరకే ఉంది, కానీ సొలినాయిడ్ వాల్వ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వ్) లేదని చీటీలో రాశారు. వాల్వ్ లేని కంట్రోలర్ తల లేని కొబ్బరిచెట్టు లాంటిది. టర్బో సామాన్ల కంపెనీ హెచ్‌కేఎస్ చేసే ఈవీసీ కంట్రోలర్ పాత మోడల్ ఒకటి అన్ని వైర్లతో కనిపించింది గానీ, డిస్‌ప్లేలో కొన్ని గీతలు వెలగడం లేదు. సర్వీసు మాత్రం బాగుంది. అడిగిన ప్రతిదీ బయటికి తీసి చూపించారు, కొనమని ఒక్కసారీ వెంటపడలేదు. ఏ సామాను కావాలో ముందే తెలిసినవాళ్ళకు ఇది స్వర్గం. తెలియనివాళ్ళు ఇక్కడ మొదలుపెట్టకపోవడమే మంచిది.

యామాతో టన్నెల్ దగ్గర సెలవు రోజుల ట్రాఫిక్‌లో గంట పోయింది. ఎబినా సర్వీస్ ఏరియాలో మెలన్ పాన్ అనే తియ్యటి బన్ను తిన్నాం. అందరూ పొగిడేంత బాగానే ఉంది. అక్కడి నుంచి అయుజావా కథ మీకు చెప్పేశాను.

ఆ రాత్రి షిన్-ఫూజీ స్టేషన్ దగ్గర ఒక బిజినెస్ హోటల్‌లో దిగాం. మంచం పక్కన సూట్‌కేస్ పరిస్తే నడవడానికి చోటు లేదు. గది శుభ్రంగా ఉంది, పొద్దున్న టిఫిన్‌లో అన్నం, మిసో సూప్, గుడ్డు పెట్టారు. పార్కింగ్ కావలసినవాళ్ళు ముందే ఫోన్ చేసి అడగాలి. ఇలాంటి చాలా హోటళ్ళలో లిఫ్ట్ లాంటి టవర్ పార్కింగ్ ఉంటుంది. కిందికి దించిన కార్లను, వెడల్పు టైర్ల కార్లను దానిలోకి రానివ్వరు. మా కేయీ కారుకు ఇబ్బంది రాలేదు. ఒక్క రాత్రికి సరిపోతుంది, రెండో రాత్రి నేనైతే ఉండను.

ఆదివారం పొద్దున ముందుగా మాట్లాడిపెట్టుకున్న చిన్న గ్యారేజ్‌కు వెళ్ళాం. రెండు కార్లు పట్టే షెడ్డు, అరవై దాటిన మేస్త్రి. ఈ ప్రాంతంలో టర్బో పని తెలిసినవాళ్ళు ఎక్కువ. 1973లో మొదలైన హెచ్‌కేఎస్ సొంత ఊరు పక్కనే ఉన్న ఫూజినోమియానే మరి. ఆయన కంట్రోలర్ల గురించి మాట్లాడే ముందే టార్చి తీసుకుని ఒక్కో గొట్టాన్నీ వేళ్ళతో తడుముతూ పోయాడు. మేము దోపిన చోట ఆగి, జిప్ టై కోసి, గొట్టం కొసను బొటనవేలు గోరుతో నొక్కాడు. ఎండిన చింతపండు పెంకులా పిట్టుమని విరిగింది. "కంట్రోలర్ ఏదైనా దీని తర్వాతే" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది.

తర్వాత రెండు డబ్బాలు ముందు పెట్టాడు. ఈవీసీలో స్టెప్పింగ్ మోటార్ వాల్వ్‌ను తిప్పుతుంది. గాలి ఎక్కువగా పారే పెద్ద టర్బోలకు, బయట వేస్ట్‌గేట్ ఉన్నవాటికి అది చాలా నిలకడగా ఉంటుంది. ప్రొఫెక్‌లో సొలినాయిడ్ సెకనుకు ఎన్నోసార్లు తెరుచుకుని మూసుకుంటూ ఒత్తిడిని నడుపుతుంది. రెండూ బూస్ట్‌ను కొలుస్తూ తమను తాము దిద్దుకుంటాయి. బూస్ట్ హద్దు దాటితే కిందికి దించే లిమిటర్ కూడా రెండిటిలో ఉంది. నిన్న జరిగినదాని తర్వాత నా కళ్ళు ముందు దాని మీదికే వెళ్ళాయి. అయితే అది వాల్వ్ ద్వారానే పని చేస్తుంది, గొట్టమే ఊడితే అదీ ఏమీ చేయలేదని మేస్త్రి అప్పుడే స్పష్టంగా చెప్పాడు. నా కారు టర్బో చిన్నది, లోపలి వేస్ట్‌గేట్. దీనికి ఏదైనా చాలు, మిగిలిన డబ్బు ఈసీయూ సెట్టింగ్‌కు దాచుకోమన్నాడు. ప్రొఫెక్ తీసుకున్నాను.

ఈ కారును కంపెనీ మామూలు పెట్రోలుకే తయారు చేసింది. బూస్ట్ పెంచితే లోపలికి పోయే గాలి వేడెక్కి నాకింగ్ (పెట్రోలు వేళ తప్పి మండడం) వస్తుంది, ఈసీయూ స్పార్క్ టైమింగ్‌ను వెనక్కి లాగుతుంది, పెరిగిన పవర్ పెరిగినట్టే పోతుంది. అందుకే ఈసీయూ దిద్దేదాకా కంపెనీ బూస్ట్ దాటనివ్వనని ఆయన ఖచ్చితంగా చెప్పేశాడు. కంట్రోలర్ ఆఫ్ చేస్తే బూస్ట్ కంపెనీ స్థాయి కంటే కిందికి పడిపోతుందని కూడా చూపించాడు. అప్పుడు యాక్చుయేటర్ స్ప్రింగ్ ఒక్కటే పని చేస్తుంది. ఆ స్ప్రింగ్ కంటే తక్కువకు ఏ కంట్రోలర్‌తోనూ దించలేం. మధ్యాహ్నానికి పని ముగిసింది. కొత్త గొట్టాలు వేడికి దూరంగా, ప్రతి కొసకూ క్లిప్‌తో ఉన్నాయి. పాత సామాను విడివిడి కవర్లలో పెట్టి, మీద పేర్లు రాసి చేతికిచ్చాడు. మూడు గంటల కూలీ తీసుకున్నాడు, ఆ డబ్బుకు నాకు ఏ చింతా లేదు.

సాయంత్రం ఫూజీ స్కైలైన్ అనే కొండదారిలో, కొండ ఎక్కేవాళ్ళు నడక మొదలుపెట్టే ఐదో స్టేషన్‌కు ఎక్కాం. వేసవిలో సొంత కార్లు రానివ్వరు, అక్టోబరులో వెళ్ళొచ్చు. అది 2,400 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి సముద్ర మట్టంతో పోలిస్తే ముప్పావు వంతే. మీటర్ బయటి గాలితో పోల్చి చూపిస్తుంది కాబట్టి ముల్లు అదే అంకె దగ్గర నిలబడింది, కానీ కారు లాగుడు తగ్గింది. అదే అంకె తేవడానికి టర్బో ఇంకా వేగంగా తిరగాలి. ఎత్తు ప్రదేశాల్లో సెట్టింగ్ పెంచాలని చేయి దురద పెట్టినా ముట్టుకోకండి. ముల్లు మాత్రం ఒక్క మలుపులోనూ ఎగిరిపడలేదు. మా బావమరిది కొండను చూడకుండా దారంతా మీటర్‌నే చూశాడు.

రెండో రాత్రి ఫూజినోమియా శివార్లలో ఒక మిన్షుకులో (ఇంట్లోనే గదులిచ్చే బస) ఉన్నాం. ఇంటావిడ రాత్రి భోజనం పెట్టింది, పొద్దున్న కిటికీ తీస్తే ఎదురుగా 3,776 మీటర్ల కొండ. ఒక్కటే అడిగింది: ఏడు లోపు ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని, పక్కింట్లో పసిపాప ఉందని. ఇలాంటి చోట బిగ్గరగా మోగే సైలెన్సర్ కార్లతో దిగేవాళ్ళు ముందే చెప్పి రావాలి. సోమవారం ఏడుంపావుకు స్టార్ట్ చేశాం. సెంగెన్ గుడిలో వకుతమా కొలనులో ఫూజీ మంచు కరిగి ఊరిన నీళ్ళు తాగి, యాకిసోబా (వేయించిన నూడుల్స్) తిని బయలుదేరాం. దానిలో మాంసం తునకలు, చేపల పొడి వేస్తారు, శాకాహారులు జాగ్రత్త.

వెయ్యి కిలోమీటర్లు తిరిగాక క్లిప్పులు మరోసారి బిగించడానికి రమ్మన్నాడు మేస్త్రి. ఈసారి రెండు రాత్రులూ ఆ మిన్షుకులోనే అడిగి పెట్టాను.